అనుమతి యెవ్వరిది? ఫల మెవ్వరిది?

నాంపల్లి రైల్వేస్టేషను 1907వ సంవత్సరమున ప్రారంభమైనది. తిరుపతికి పోవు రాయలసీమ ఎక్స్‌ప్రెస్సు చిరకాలము ఆ స్టేషను నుండియే బయలుదేరెడిది. నుదుట తిరుమణి, చంకను మూట, నోట గోవిందనామము గల యాత్రికులు అబిడ్సు వైపునుండి కుటుంబసమేతముగా నడచివచ్చి ఆ బండి నెక్కుట ఆ ప్రాంతపు వృద్ధులకు నేటికిని జ్ఞాపకమున్న దృశ్యము. ఆ దారి పొడవు కొంచెమే. కాని అందులో ఒక నగరపు సంసారమంతయు ఇమిడియున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను నాతని దుకాణము వలన అబిడ్సుకు ఆ పేరు వచ్చినది. 1834లో స్థాపితమైన సెయింట్ జార్జి గ్రామరుస్కూలు అచ్చట కలదు. ఆదివారము నాడు మూసిన అంగళ్ల ముందర పాతపుస్తకములు పరచి అమ్మువారు కలరు. నాంపల్లివైపు యూసుఫైన్ దర్గా కలదు, న్యాయస్థానములు కలవు, గుడులు కలవు. మద్యపు దుకాణములును కలవు. రాష్ట్రమంతటి మద్యవిక్రయమునకు అనుజ్ఞాపత్రము లిచ్చు శాఖవారి ప్రధానకార్యాలయము, ఆబ్కారీభవనము, నాంపల్లియందే యున్నది. పారశీకమున ‘ఆబ్’ అనగా నీరు. మద్యపు పన్నునకు నీటిపని యని పేరుపెట్టిన పూర్వుల చమత్కారము మెచ్చదగినదే.

నగరమున ఏ పేటయందైనను ఒక తగవు మాటిమాటికి పుట్టుచుండును. ఒక వీధిలో క్రొత్తగా మద్యపు దుకాణము వెలయును. దానికి లైసెన్సు ఉండును. సీలువేసిన సీసాను అమ్ముట, కొన్నవాడు దానిని గొనిపోవుట, ఇంతవరకే ఆ లైసెన్సునకు తాత్పర్యము. అదనపు రుసుము చెల్లించినవారికి ‘పర్మిట్ గది’ యను నొకటి కలదు. కొన్న సీసాను అచ్చటనే త్రాగవచ్చును. కాని త్రాగువారందరును ఇంటికి పోరు, అందరును గదిలోనికి పోరు. ప్రక్కయింటి అరుగు, మూసిన అంగడి మెట్లు, బడిగోడ నీడ, దారిప్రక్క నిలిపిన ఆటో, ఇవియే పానశాలలగును. బహిరంగస్థలమున త్రాగుట నేరమని అందరికిని తెలియును. రాత్రి తొమ్మిదిగంటలకు ఆ నేరమును గమనించువాడు మాత్రము ఉండడు.

ఇరుగుపొరుగువారు కూడి అభ్యంతరపత్రము వ్రాసి, ఇంటింటను సంతకములు చేయించి, అధికారికి సమర్పింతురు. అప్పుడు మూడు మాటలు వినబడును. ‘ఎవ్వరును త్రాగవలదని మే మనుట లేదు, మా గడపముందు వలదు’ అని పొరుగువారందురు. ‘నా దుకాణములోపల ఏ తప్పును జరుగలేదు, గడప దాటిన సీసాతో నాకేమి పని’ అని వర్తకుడనును. ‘నిబంధనలో చెప్పిన దూరము సరిపోయినది’ అని అధికారి అనును. మూడింటిలో అసత్యమొక్కటియు లేదు. అయినను, ట్యూషను ముగించుకొని యింటికి వచ్చు బాలిక ఆ వీధిని విడిచి చుట్టుదారిని పోవుచునే యున్నది. ఆ చుట్టుదారి పొడుగును కొలిచినవారు లేరు.

దూరమును గూర్చి ఒక మాట. దేవాలయమునకు, పాఠశాలకు, ఆసుపత్రికి నూరు మీటర్లలోపల మద్యపు దుకాణ ముండరాదని నిబంధన. దేవాలయమనగా దేవాదాయశాఖయందు నమోదైనది. వేపచెట్టు క్రింద సిందూరము పూసికొని నిలిచిన ఆంజనేయస్వామి ఏ శాఖయందును నమోదు కాలేదు కనుక ఆయనకు నూరు మీటర్ల మర్యాద లభింపదు. దీనిని చూచి నవ్వుట సులభము. కాని రాజశాసనము కొలతలేక నడువజాలదు. కొలత యన్నంతనే దానికొక యంచు ఉండును. అంచు ఉన్నచోట నూటయొకటవ మీటరును ఉండును. శాసనముయొక్క లోపము అది కాదు. శాసనము చెప్పిన కొలతనే ధర్మముయొక్క కొలతగా తలచుట మనుష్యుని లోపము.

ఇంతకును లైసెన్సు అననేమి? మద్యవ్యాపారము పౌరునకు ప్రాథమికహక్కు కాదని 1975లో హర్‌శంకర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. ఆ వ్యాపారము ప్రభుత్వమునకే చెందిన ప్రత్యేకాధికారము. ప్రభుత్వము దానిని రుసుము గైకొని ఇతరులకు కొంతకాలము ఒసగును. మద్యనిషేధమునకు ప్రయత్నింపవలెనని రాజ్యాంగపు 47వ అధికరణము అదే ప్రభుత్వమును ఆదేశించుచున్నది. కావున లైసెన్సు వర్తకుని సొత్తు కాదు, అతని యోగ్యతకు ప్రశంసాపత్రమును కాదు. అది సామాన్యముగా కూడనిదానికి ఒకచోట, ఒక వేళకు, ఒక మేరకు ఒసగిన సడలింపు.

ఈ సూక్ష్మము మీమాంసకులకు క్రొత్త కాదు. వారు దీనిని పరిసంఖ్య యందురు. శాస్త్రము ఒకదానిని చేయుమని చెప్పినట్లు కనబడును, కాని దాని తాత్పర్యము చేయుమనుట కాదు, మిగిలినది మానుమనుట. భాగవతము ఏకాదశస్కంధమున నిమిచక్రవర్తికి చమసుడను యోగి దీనినే బోధించెను. స్త్రీసంగము, మాంసము, మద్యము, వీనియందు ప్రాణికి కోరిక సహజముగనే కలదు. దానికొఱకు వేదము ప్రత్యేకముగ విధింపనక్కరలేదు. వివాహమని, యజ్ఞమని, సౌత్రామణియందు సురాపాత్రమని శాస్త్రము హద్దు గీచినది. హద్దు గీచుటలో దాని కోరిక నివృత్తియే. ఆ సురనైనను త్రాగుట కాదు, వాసనచూచుటయే విహితమని చమసుడు వెంటనే చెప్పెను. యజ్ఞము పేర కడుపునిండ త్రాగదలచినవారు ఆ కాలముననే యుండిరి కాబోలును.

కావున నియమమును చూపి ‘నాకు విధింపబడినది’ అనువాడు శాస్త్రమును తలక్రిందుగ చదివినవాడు. లైసెన్సును గోడకు తగిలించి ‘నాకు హక్కున్నది’ అనువాడును అట్టివాడే.

క్షీరసాగరమథనమున వారుణి పుట్టినప్పుడు అసురులు ఆమెను గ్రహించిరని అష్టమస్కంధము చెప్పుచున్నది. రామాయణము బాలకాండమున ఈ కథ వేరుగ నున్నది. అచ్చట దితిపుత్రులు ఆమెను వలదనిరి, అదితిపుత్రులు గ్రహించిరి, సురులను పేరు వారికి అందువలన వచ్చెననియు కలదు. పాఠములు రెండును ప్రమాణములే, కల్పభేదమని పెద్దలు సమన్వయింతురు. భాగవతపాఠమున ఒక చిన్నమాట కలదు, దానిని దాటిపోరాదు. అసురులు హరి యనుమతితోనే వారుణిని గ్రహించిరట! సర్వేశ్వరుడే అనుమతించినప్పుడు అందు దోషమెక్కడిది? ఇట్లడుగు భక్తులు నేడును లేకపోలేదు. అంతయు ఆయన లీలయే గదా, త్రాగించువాడును ఆయనయే గదా అని త్రాగినవేళ వేదాంతము చెప్పువారు ప్రతి పేటయందును కనబడుదురు.

భగవద్రామానుజులు శ్రీభాష్యము రెండవ యధ్యాయమున, మూడవ పాదమున, సరిగా ఈ ప్రశ్ననే చేపట్టిరి. జీవుని కర్తృత్వము పరమాత్మయధీనమైనచో విధినిషేధములకు అర్థమేమి? పాపము పరమాత్మదే కావలసివచ్చును గదా? దీనికి వారిచ్చిన సమాధానమున ఆకాశమంత మాటలు లేవు. ఇంటింట తెలిసిన ఆస్తిసంగతియే ఉన్నది. ఇద్దరికి ఉమ్మడియైన ధనము కలదు. అందొకడు దానిని మూడవవానికి ఇయ్యదలచెను. రెండవవాని యనుమతి లేక ఆ యీవి చెల్లదు. రెండవవాడు అనుమతించెను. ఇచ్చుట చెల్లెను. అయినను ఇచ్చినవాడు మొదటివాడే గనుక ఫలము వానిదే. అట్లే జీవుడు మొదటి ప్రయత్నము తాను చేయును. దానిని చూచి అంతర్యామి అనుమతి నొసగును. అనుమతి లేక తృణమైనను కదలదు. ఐనను ఫలము ప్రయత్నించినవానిది.

ఈ యుపమానమును వేదాంతమునుండి మరల వీధికి దింపుకొనిన దోషము లేదు, అది పుట్టినది లోకవ్యవహారముననే. వీధి యెవ్వరిది? ఇంటిగడపవరకు ఇంటివానిది, దుకాణపుగడపవరకు వర్తకునిది. రెండు గడపల నడుమనున్నది ఉమ్మడిధనము. వర్తకుడు లోపల అమ్మిన వస్తువు గడప దాటి ఆ యుమ్మడిధనమును అనుభవించుచున్నది. రాత్రి నిశ్శబ్దమును, అరుగుమీది చోటును, ఆడువారి నిర్భయమైన నడకను అది కొంచెముకొంచెముగ వ్యయపరచుచున్నది. అట్టిచోట పొరుగువారి అభ్యంతరము దయచూపి వినవలసిన మొర కాదు. ఉమ్మడి హక్కుదారుని యనుమతి యొసగబడలేదనుటయే దానికర్థము. ఇది ఉపమానముయొక్క మొదటి సగము. రెండవ సగము వర్తకునికి చెందినది. ప్రభుత్వ మనుమతించినను, పొరుగువారును ఊరకుండినను, అమ్మినవాడు తానే గనుక అమ్మకపు ఫలము తనదే. లైసెన్సు అతనికి రాజదండనమునుండి రక్షణ యొసగును. అంతకుమించి ఒసగుటకు దానికి శక్తి లేదు.

ఇచ్చట పండితులొక ఆక్షేపణ చేయవచ్చును. అనుమతించినవానికి ఫలము లేదందురా? మనుధర్మశాస్త్రము అయిదవ అధ్యాయమున ప్రాణివధను గూర్చి చెప్పుచు, చంపినవానినే కాక కోసినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తినినవానిని ఘాతకులుగనే లెక్కించినది. ఆ యెనమండుగురిలో మొదట పేర్కొనబడినవాడు అనుమంతయే! శ్రీభాష్యమునకును మనువునకును విరోధమేల కలిగినది?

విరోధము లేదు. ఈశ్వరుడు అనుమతించుటలో తనకు గైకొనునది ఏమియు లేదు. ఆయన అవాప్తసమస్తకాముడు. జీవునికి స్వతంత్రముగ అడుగువేయు చోటు ఉండవలెనని మాత్రమే ఆయన యనుమతి. మనువు చెప్పిన అనుమంత మనుష్యుడు. వారింపగలిగియు వారింపక, అందులో తన పాలును గైకొనువాడు. పాలు గైకొన్న నాడే అతడు సాక్షిత్వమును కోల్పోయి భాగస్వామి యయ్యెను.

ఈ దృష్టితో ప్రభుత్వమును చూడవలెను. 2023వ సంవత్సరమున తెలంగాణ రాష్ట్రమున 2,620 మద్యపు దుకాణములకు లాటరీ తీయగా 1,31,000కు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఒక్కొక్క దరఖాస్తునకు రుసుము రెండు లక్షల రూపాయలు. దుకాణము రానివారికి తిరిగి ఇయ్యబడదు. అనగా ఒక్క సీసాయైనను అమ్మకమునుపే, దరఖాస్తు కాగితములమీదనే, 2,600 కోట్ల రూపాయలకు పైగా బొక్కసమునకు చేరినవి. ఆ ధనముతో పాఠశాలలు నడుచునని, పింఛనులు చెల్లునని చెప్పుదురు. నడుచునేమో. కాని అనుమతికి ఇంత మూల్యము గైకొనువాడు అభ్యంతరపత్రమును నిష్పక్షపాతముగ చదువగలడా? ఇది అధికారుల నీతిని శంకించుట కాదు. తక్కెడలో ఒక తట్టయందు కూర్చున్నవానిని తూనిక చూడుమన్నట్లున్నది, అంతియే. పూర్వము 1980లలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సారాను పొట్లములుగ కట్టించి అమ్మించి, ఆ పథకమునకు ‘వారుణివాహిని’ యని పేరు పెట్టినది. పాలసముద్రమున పుట్టిన దేవత పేరు పొట్లముమీదికెక్కినది. పేరు పెట్టినవారు సంస్కృతము తెలిసినవారే అయియుందురు, అదియే విచారకరము.

సీసాను గొనిపోవు విషయము ఆధునికసమస్య యని కొందరు తలతురు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణము ఇరువదియైదవ అధ్యాయమున సురాధ్యక్షుని విధులు చెప్పబడినవి. కౌటిల్యుడు విరక్తుడు కాడు. రాజు బొక్కసము నింపు మార్గములు చెప్పినవాడు. అట్టివాడే మద్యమును గ్రామమునుండి వెలికి గొనిపోనీయరాదనెను, దుకాణములు ఒకదానిప్రక్కన ఒకటి ఉండరాదనెను. కారణములును చెప్పెను. పనివారు చేపట్టిన పని పాడుచేయుదురు, మర్యాదస్థులు మర్యాద తప్పుదురు, ఉద్రేకులు సాహసములకు దిగుదురు. కావున శుచియైన నడవడి గలవాడని తెలిసినవానికే, కుడుబమో ప్రస్థమో, కొలిచిన స్వల్పపరిమాణమున బయటికి గొనిపోవ అనుమతింపవలెను. తక్కినవారు పానాగారముననే త్రాగవలెను. ఆ పానాగారమున వేరువేరు గదులు, శయనములు, ఆసనములు, గంధము, మాల్యములు, నీరు ఉండవలెను. నేటి పర్మిట్ గదులను చూచినవారు ఈ పట్టికను రెండుమారులు చదువుకొందురు.

అంతకన్న ముఖ్యమైనది ఇంకొకటి కలదు. త్రాగి మైమరచినవాని వస్తువులు ఆ దుకాణమున పోయినచో, వర్తకుడు వాని వెలను చెల్లించుటయే గాక అంత దండుగయు చెల్లింపవలెనట. ‘త్రాగినది వాడు, పోగొట్టుకొన్నది వాడు, నాకేమి’ అను మాటను కౌటిల్యుడు వినలేదు. ఒకని తెలివిని అమ్ముకొనినవాడు, ఆ తెలివి మరల వచ్చువరకు వాని మేలుకు పూచీపడవలెనని ఆ శాస్త్రకారుని భావము. అది పానాగారపు గోడలలోపలి మాట నిజమే. ఆ పూచీ గడప దాటునా దాటదా అనుటయే నేటి తగవు.

ఇంగ్లండు దేశమున 2003 నాటి లైసెన్సుల చట్టముచేత, ఏటియొడ్డు హోటలైనను, సందులోని అంగడియైనను, అచ్చటనే త్రాగించుటకు, బయటికి గొనిపోనిచ్చుటకు అనుమతులు విడివిడిగ విచారింపబడును. పొరుగువారు అభ్యంతరము తెలుపవచ్చును. నేరనివారణ, ప్రజల భద్రత, ఉపద్రవనివారణ, బాలరక్షణ అను నాలుగే అచ్చట లెక్కకు వచ్చును. మద్యము పాపమను మాట అచ్చట వాదము కానేరదు. ఆ దేశమువారు అంతకంటె ముందుకు పోలేదని నిందింపనక్కరలేదు. ఆ నాలుగింటినైనను సరిగా విచారించినచో, ఆ బాలిక చుట్టుదారి కొలతకు వచ్చెడిది.

ఇంతవరకు చెప్పినది పొరుగువారికి ప్రియముగనే యుండును. ఇక వారివంతు.

అభ్యంతరము ఫలించినదనుకొందము. దుకాణము తీసివేయబడినది. ఎచ్చటికి పోయినది? లైసెన్సు రద్దు కాలేదు, చోటుమాత్రము మారినది. రెండు వీధుల అవతల కూలివారి బస్తీ కలదు. అచ్చట నమోదైన గుడి లేదు, గుర్తింపుపొందిన బడి లేదు, అభ్యంతరపత్రము వ్రాయగల విశ్రాంత ఉద్యోగి లేడు. దుకాణము అచ్చట సుఖముగ స్థిరపడును. మొదటి వీధివారు దేవాలయమున అర్చన చేయించుకొని, ధర్మము జయించినదని తలతురు. వారి యింట గిన్నెలు తోమునామె ఆ బస్తీనుండియే వచ్చును. ఆమె భర్త కూలిడబ్బు ఇంటికి చేరుదారిలో ఇప్పుడు ఆ దుకాణమున్నది. తమ వీధికి ఉమ్మడిధనమను పేరుతో అనుమతి నిరాకరించినవారు, ఆ వీధి విషయమున మౌనముగ అనుమతించినవారైరి. మనువు లెక్కలో వారెక్కడ నిలుతురో వారే చూచుకొనవలెను.

ఈ మాట కఠినముగ తోచవచ్చును. శ్రీరామనవమినాడు సీతారాంబాగు దేవాలయమునుండి శోభాయాత్ర బయలుదేరును. ఆనాడు నగరమున మద్యపు దుకాణములు పోలీసు ఆజ్ఞచేత మూయబడును. అది యుక్తమే. అయితే ముందునాటి సాయంకాలము ఆ దుకాణములయెదుట నిలుచు వరుసలలో పరదేశీయులెవ్వరును లేరు.

అభ్యంతరములన్నియు ఒకే జాతివి కావు. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992వ సంవత్సరమున సారాపై తిరుగబడిన స్త్రీలు తమ వీధి గౌరవమునకై తిరుగబడలేదు. అక్షరాస్యతా ఉద్యమమున చదువు నేర్చుకొనుచు, పాఠములో తమ బ్రతుకునే చూచుకొని, తమ యింటిపొయ్యి ఆరుటకు కారణమును గుర్తించిరి. రోశమ్మ మొదలగు ఆ గ్రామస్త్రీలు తమ యూర సారా దుకాణమును మూయించుటతో ఊరుకొనలేదు. ప్రక్కయూరిలో సాగనిమ్మనియు అనలేదు. ఊరినుండి ఊరికి ఆ మాట పోయెను. సారా వేలముపాటలే ఆగిపోయెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. గాయపడినవారి అభ్యంతరమునకును, అసహ్యించుకొనినవారి అభ్యంతరమునకును గల భేదము ఇచ్చట తెలియుచున్నది. మొదటిది త్రాగువానిని ఇంటికి తెచ్చుకొనవలెనని కోరును. రెండవది వాడు కంటబడకున్న చాలునని కోరును.

ఆ కథ అచ్చటితో ముగియలేదు. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలైనది, 1997లో సడలింపబడినది. పొరుగురాష్ట్రములనుండి దొంగసరకు వచ్చెను, నాటుసారా ప్రబలెను, బొక్కసము వట్టిపోయెను అని కారణములు చెప్పిరి. నిషేధము వ్యర్థమని అప్పుడు చాలమంది తేల్చివేసిరి.

వారికన్న ముందు ద్వారకలో నిషేధము విధింపబడియుండెను. మహాభారతము మౌసలపర్వమున ఆ వృత్తాంతమున్నది. మునుల శాపమునకు వెరచి, ద్వారకలో ఎవ్వరును సురను తయారుచేయరాదని, చేసినవానికి బంధుసహితముగ శూలారోపణమని ఆహుకుని పేర, బలరామకృష్ణుల పేర చాటింపు వేయబడెను. పురజనులు భయముచే అట్లే నడచుకొనిరి. కొంతకాలము గడచెను. దుర్నిమిత్తములు తోచెను. సముద్రతీరమునకు తీర్థయాత్ర పోవలెనని శ్రీకృష్ణుడు ఆజ్ఞాపించెను. యాదవులు భార్యాబిడ్డలతో, రథములతో, వాహనములతో ప్రభాసమునకు బయలుదేరిరి. వారు వెంట గొనిపోయినవి భక్ష్యములు, మాంసము, మద్యము. పురములో త్రాగరానిది నీటియొడ్డున త్రాగవచ్చునని వారికెవ్వరు చెప్పిరో వ్యాసుడు చెప్పలేదు. బ్రాహ్మణులకై వండిన అన్నమున మద్యము కలిపి కోతులకు పెట్టిరట. తీర్థయాత్రకు పోవువారి మూటలలో ఏమున్నదో చూడవలసిన యవసరము నేటిది మాత్రమే కాదు.

అచ్చట శ్రీకృష్ణుని సమక్షముననే బలరాముడు, సాత్యకి, కృతవర్మ మొదలైనవారు త్రాగిరి. నిద్రించువారిని చంపినవాడవని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. మాటకు మాట పెరిగెను. సాత్యకి కృతవర్మ తల నరికెను. ఒడ్డున మొలచిన తుంగ వారి చేతులలో రోకళ్లాయెను. తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని ఎరుగక చంపెను. అడ్డుపడవలసినవాడు అచ్చటనే యుండెను. మొదట చూచుచుండెను, తన కొడుకు పడిన పిమ్మట తానును ఆ తుంగను చేత పట్టెను.

ద్వారకాశాసనము పురద్వారమువరకు చెల్లినది. యాదవుల లోపలి దప్పికను అది తాకలేదు. నిషేధము వ్యర్థమనుటకు ఈ కథ సాక్ష్యము కానేరదు. శాసన మమలైనన్నినాళ్లు ద్వారకలో ఏ కలహమును జరిగినట్లు లేదు. శూలమునకు వెరచి మానుటవేరు, ఇంటివారి ముఖము చూచి మానుటవేరు. దూబగుంటస్త్రీలు రెండవదానిని కోరిరి. ప్రభుత్వము వారికి మొదటిదానిని ఒసగినది, దానినైనను రెండేండ్లకు మరల గైకొన్నది.

అబిడ్సునుండి నాంపల్లికి పోవు దారిలో రాత్రి పదకొండుగంటలు దాటిన పిమ్మట వీధి నెమ్మదించును. అభ్యంతరపత్రముమీద సంతకము చేసినవారు తలుపులు బిగించుకొని పడుకొందురు. వర్తకుడు షట్టరు దించి తాళము వేసికొని పోవును. అతని గడపలోపల ఆనాడును ఏ తప్పును జరిగియుండదు. తెల్లవారుజామున, గుడిలో సుప్రభాతము మొదలుకాకమునుపే, నగరపాలకసంస్థ పారిశుద్ధ్యపు స్త్రీలు పొడుగుచీపుళ్లతో వీధిలోనికి వత్తురు. మెట్లమీద, మురుగుకాలువ అంచున, బడిగోడ ప్రక్కన పడియున్న సీసాలను, ప్లాస్టిక్కు గ్లాసులను ఏరి బండిలో వేయుదురు. పగిలిన గాజుముక్కలను వ్రేళ్లతో తీయుదురు. ఆ వీధిని అందరికన్న ముందుగ, ప్రతిదినము, తాకువారు వారే. అభ్యంతరపత్రమున వారి పేర్లు లేవు. లైసెన్సు ఇచ్చునపుడు గాని, దుకాణమును మార్చునపుడు గాని, వారి యనుమతిని ఎవ్వరును అడిగియుండలేదు.